రుమాలు నేసిందెవరు, పేరెవరిది? – చీరాల మగ్గాల నుంచి మీ పోర్ట్‌ఫోలియో దాకా

వీడియో చూసే తీరిక లేనివాళ్ళ కోసం ఈ ఎపిసోడ్ పాఠం ఎప్పట్లాగే ఇక్కడ పెడుతున్నాం. మాట్లాడింది మాట్లాడినట్టే రాశాం, అక్కడక్కడా నేను తడబడ్డవి మాత్రం సరిచేశాం.

ఈసారి సంగతి మా వీధిలోనే మొదలైంది. మా కారంచేడులో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక అమ్మాయి ఉంది. బొమ్మలు బాగా వేస్తుంది, డిజైన్ కోర్సులో చేరింది. మొన్న సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుని, "బాబాయ్, మా కాలేజీలో పోర్ట్‌ఫోలియో అడుగుతున్నారు. ఊహించి వేసినవి వద్దంట, నిజంగా ఒక వ్యాపారానికి పనిచేసినవి కావాలంట. చీరాల్లో చీరల కొట్టు ఆయన్ని అడిగాను. సరేనమ్మా చెయ్యి, డబ్బులేం ఉండవు, నీకూ పనికొస్తుందిగా అన్నాడు. చెయ్యనా వద్దా?" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆ వయసులో నేనూ ఆ పని చేశాను. డిగ్రీ చదివేరోజుల్లో ఒక రైసు మిల్లుకి బియ్యం బస్తా మీద వేసే బొమ్మ గీసిచ్చాను. హంస బొమ్మ. కూలి కింద పాతిక కిలోల బియ్యం ఇచ్చారు. మా అమ్మ తెగ సంతోషించింది, కొడుకు తెచ్చిన మొదటి సంపాదన కదా. ఏడాది తిరిగేసరికి అదే హంస ఇంకో మిల్లు బస్తా మీద కనపడింది. పేరు మారింది, హంస మారలేదు. వెళ్ళి అడిగితే బ్లాకు చేసినవాడు అమ్ముకున్నాడేమో మాకేం తెలుసన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. కానీ నిజం చెప్పాలి కదా, ఆ హంసని నేను మా ఇంట్లో గోడకున్న క్యాలెండర్ చూసి గీశాను. ఆ క్యాలెండర్ బొమ్మ వేసినాయన ఎవరో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

అందుకని ఆ అమ్మాయికి, "రెండు వారాలు ఆగు, చదివి చెబుతా" అన్నాను. ఆ చదివిందే ఈ ఎపిసోడ్.

ముందు మా ఊరి గురించి ఒక్క ముక్క. కారంచేడు అనగానే బయటివాళ్ళకి రెండే గుర్తొస్తాయి. ఒకటి దగ్గుబాటి రామానాయుడు గారు. ఆయన పుట్టింది ఇక్కడే, 1936లో. రెండోది 1985 జులై 17. ఆ రోజు ఈ ఊళ్ళో దళితుల మీద దాడి జరిగింది, ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల పారిపోయి అక్కడే శిబిరంలో ఉన్నారు. ఆంధ్రలో దళిత మహాసభ పుట్టింది ఆ గాయం లోంచే. దాని మీద మాట్లాడాల్సింది చాలా ఉంది, అది ఇంకో ఎపిసోడ్ పని. ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, పేరు అనేది ఊరికైనా మనిషికైనా తేలికైన విషయం కాదు. ఎవరి పేరు బోర్డు మీద ఉంటుంది, ఎవరి పేరు లెక్కలోకే రాదు అన్న ప్రశ్న మా ఊళ్ళో ఊరికే అడిగే ప్రశ్న కాదు.

సరే, చీరాలకి పోదాం.

చీరాల నేత గురించి మీలో చాలామందికి తెలుసు. తేలియా రుమాల్ పుట్టింది చీరాల ప్రాంతంలో అని ఎంతమందికి తెలుసు? ఇప్పుడు ఆ పేరు చెబితే అందరూ తెలంగాణలో పుట్టపాక అంటారు, అదీ నిజమే, ఆ కథకి వస్తాను. ముందు ఆ గుడ్డ ఏమిటో చెబుతాను.

తేలియా అంటే నూనెది అని. నూలుని ఆముదం లాంటి నూనెలోనూ, ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిద నీళ్ళలోనూ నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఇట్లా రోజుల తరబడి చేస్తారు. అప్పుడు ఆ నూలు ఎర్ర రంగుని గట్టిగా పట్టుకుంటుంది. ఎరుపు, నలుపు, తెలుపు, దానికున్న రంగులు ఈ మూడే. అద్దకం నేసిన తర్వాత కాదు, నేయకముందే. పడుగు నూలునీ పేక నూలునీ లెక్క ప్రకారం దారాలతో ముడులు కట్టి రంగులో ముంచుతారు. ముడి ఉన్నచోట రంగు ఎక్కదు. దాన్నే మనవాళ్ళు చిటికి అంటారు. పడుగులో సగం బొమ్మ, పేకలో సగం బొమ్మ, మగ్గం మీద ఆ రెండూ కలిస్తేనే పువ్వో, చుక్కో, ఏనుగో కనపడుతుంది. ఒక్క పోగు జరిగిందా, బొమ్మ చెదిరిపోతుంది.

ఎర్ర రంగు సంగతి కూడా చిత్రమే. మన కోరమండల్ తీరంలో వందల ఏళ్ళు ఎరుపంటే చిరివేరు. ఇసక నేలల్లో పెరిగే చిన్న మొక్క వేరు అది. 1869లో జర్మనీలో గ్రేబ, లీబర్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు అలిజరిన్‌ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తర్వాత ఆ డబ్బాలు మన మగ్గాల దాకా వచ్చాయి, చిరివేరు తవ్వేవాళ్ళకి పనిపోయింది. రంగు జర్మనీది, పనితనం చీరాలది, కొనేవాళ్ళు అరబ్బులు. గ్లోబలైజేషన్ నిన్న మొన్న వచ్చిందనుకునేవాళ్ళకి ఈ రుమాలు చూపించాలి.

అవును, కొన్నది ఎక్కువగా అరబ్బు దేశాలవాళ్ళు. తలకి చుట్టుకునేవారు. నూనె వాసన, చల్లదనం ఎండలో బాగుంటుందని చెప్పుకునేవారట. ఏషియా రుమాల్ అని ఇంకో పేరు ఉండేది. గమనించారా? చీరాల రుమాల్ కాదు, ఏషియా రుమాల్. ఖండం మొత్తం పేరు పెట్టారుగానీ ఊరి పేరు పెట్టలేదు. నేసినవాడి పేరు సంగతి అసలు అడగనే అక్కర్లేదు.

ఆ రోజుల్లో గుడ్డకి పేరు ఇచ్చేది ఎవరంటే ఎగుమతి చేసే వ్యాపారి. తాను మీద ఒక రంగు కాయితం అంటించేవారు. టికెట్ అనేవాళ్ళు దాన్ని. మాంచెస్టర్ మిల్లులవాళ్ళు మన దేశానికి పంపే గుడ్డల మీద లక్ష్మీదేవి, కృష్ణుడు, ఏనుగులు, మహారాజులు అచ్చువేసిన టికెట్లు అంటించి పంపేవాళ్ళు. చదువురానివాళ్ళు కూడా "ఏనుగు మార్కు ఇవ్వండి" అని అడిగి కొనుక్కోవాలి కదా. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాక ఆయన దేవుళ్ళ బొమ్మలు కూడా అట్లాగే సబ్బుల మీదికీ, క్యాలెండర్ల మీదికీ, అగ్గిపెట్టెల మీదికీ ఎక్కాయి. మా ఇంటి క్యాలెండర్లో హంసకి కూడా ముత్తాత అక్కడెక్కడో ఉండుంటాడు. ఆ ప్రెస్సుల్లో కూర్చుని రాళ్ళ మీద బొమ్మలు ఎక్కించిన కుర్రాళ్ళంతా ఒక రకంగా విద్యార్థులే. పని నేర్చుకుంటూ పని చేసినవాళ్ళు. వాళ్ళలో ఎన్ని పేర్లు మనకి తెలుసు?

ఇప్పుడు అసలు చోటుకి వద్దాం. చదువునీ వ్యాపారాన్నీ కావాలని కలిపి, "మా విద్యార్థులు పనిచేస్తారు, ఆ పని బజారుకి వస్తుంది" అని చెప్పిన సంస్థ మన దగ్గర ఒకటి ఉంది. బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల. 1910లో మొదలైంది. కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, పట్టాభి సీతారామయ్య గారు, ముగ్గురూ దాని వెనకున్నారు. అంతకు మూడేళ్ళ ముందు, 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో తిరిగి ఉపన్యాసాలు ఇచ్చాడు. రాజమండ్రిలో కుర్రాళ్ళు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని కాలేజీకి పోయారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి వెళ్ళగొట్టారు. ఆ వేడిలో పుట్టిన ఆలోచన ఇది. సర్కారు కాలేజీ గుమాస్తాలని తయారుచేస్తుంది, మనం చేతిపని తెలిసిన మనుషులని తయారుచేద్దాం అని.

అక్కడ పుస్తకాల చదువుతో పాటు నేత, అద్దకం, వడ్రంగం, బొమ్మలు వెయ్యటం అన్నీ ఉండేవి. బందరు అంటే కలంకారీ ఊరు కదా. కళాశాల గోడ బయటే అద్దకం పనివాళ్ళున్నారు, రేవు వ్యాపారం చూసిన ఊరు. కలకత్తా నుంచి ప్రమోద కుమార్ ఛటర్జీ వచ్చి చిత్రకళ నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అడివి బాపిరాజు గారు ఒకరు. తర్వాత 1934 నుంచి 39 దాకా అదే కళాశాలకి ప్రిన్సిపాలుగా పనిచేశారు. మనకి ఆయన నవలలే ఎక్కువ గుర్తుంటాయి, బొమ్మలు తక్కువ గుర్తుంటాయి.

పింగళి వెంకయ్య గారు కూడా అక్కడ పాఠం చెప్పారు. 1921 బెజవాడ కాంగ్రెస్ సభల్లో గాంధీకి జెండా వేసిచ్చిన సంగతి స్కూలు పిల్లలకి కూడా తెలుసు. కానీ అంతకు 5 ఏళ్ళ ముందే, 1916లో, ఆయన జెండా నమూనాలు 30 గీసి పుస్తకంగా అచ్చువేశారు. ఎవరూ అడగలేదు. ఎవరూ డబ్బు ఇస్తామనలేదు. దేశానికి జెండా కావాలి, నేను చెయ్యగలను, ఇవిగో 30 రకాలు అన్నారు. నాకు తెలిసి తెలుగువాళ్ళు వేసిన మొదటి డిజైన్ పోర్ట్‌ఫోలియో అది. మీలో ఎవరైనా కాదంటే కింద రాయండి, ఒప్పుకుంటాను, ముందుగా ఇంకోటి చూపించండి చాలు.

ఇదే బందరు కళాశాలలో ఇంకొకాయన కూడా కొన్నాళ్ళు పనిచేశారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు. చీరాల మనుషులం కదా, ఆయన పేరు రాగానే మాకు కాస్త గర్వం వస్తుంది. చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో జనాన్ని ఊళ్ళు ఖాళీచేయించి రామనగర్ అని పాకల ఊరు కట్టించి, నెలల తరబడి అక్కడే ఉంచిన మనిషి. రామదండు ఆయనదే. ఇదంతా పాఠ్యపుస్తకంలో ఉంది. పుస్తకంలో లేని ముక్క ఒకటి చెబుతాను.

ఆయన ఎడింబరోలో ఎం.ఏ. చదివారు. ఆ బ్రిటన్ రోజుల్లో ఆనంద కుమారస్వామితో పరిచయమైంది. కుమారస్వామి అంటే అప్పటికే భారతీయ కళల మీద ప్రపంచం వినే పెద్దమనిషి. ఇద్దరూ కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రెస్సు అచ్చువేసింది. పుస్తకం మొదటి పేజీ మీద రెండు పేర్లూ ఉన్నాయి. కుమారస్వామి పేరూ ఉంది, దుగ్గిరాల పేరూ ఉంది. ఆ రోజుల్లో పెద్ద పండితుడు చిన్నవాడి చేత అనువాదం చేయించుకుని ముందుమాటలో ఒక వాక్యం కృతజ్ఞతలు చెబితే ఎవరూ తప్పుపట్టరు. ఆయన అట్లా చెయ్యలేదు. ఈ చిన్న సంగతి నాకు చీరాల–పేరాల ఉద్యమం అంత ముఖ్యంగా అనిపిస్తుంది. కొంచెం ఎక్కువ చెప్పానేమో, పోనీండి.

చీరాల తిరిగొచ్చాక ఆయన ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి పెట్టి తోలుబొమ్మలాట లాంటి పల్లె కళలని పోషించాలని చూశారు. జైళ్ళు, అప్పులు, జబ్బు. 1928లో పోయారు, నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడ ఒక్కసారి జర్మనీ వెళ్ళొద్దాం. ఎందుకంటే మీ కాలేజీల్లో డిజైన్ అనగానే బౌహౌస్ అంటారు, ఆ అమ్మాయి కూడా రెండుసార్లు అంది. 1919లో వైమార్‌లో మొదలైన బడి అది, తర్వాత దెసావ్‌కి మారింది. మన దేశంతో దానికి ముందే చుట్టరికం ఉంది, 1922 డిసెంబరులో కలకత్తాలో వాళ్ళ బొమ్మలు ప్రదర్శించారు. మనకి కావాల్సింది 1929. రాష్ అనే గోడకాయితాల కంపెనీ ఉంది. ఆ కుటుంబంలో అమ్మాయి మరియా రాష్ బౌహౌస్‌లో చదివింది. ఆ దారిలో కంపెనీకీ బడికీ ఒప్పందం కుదిరింది. విద్యార్థులకి పోటీ పెట్టారు, మంచివి ఏరి గోడకాయితాలుగా అచ్చువేశారు. గోడల మీద పెద్ద పువ్వులు పోయి సన్నటి గీతలు, చుక్కలు, గళ్ళు వచ్చాయి. బజార్లో విపరీతంగా అమ్ముడుపోయాయి. బౌహౌస్ చేసిన వస్తువులన్నిట్లోకీ డబ్బు తెచ్చింది అదే. కుర్చీలు కాదు, దీపాలు కాదు, పిల్లలు గీసిన కాయితం.

డబ్బులో వాటా బడికి వచ్చేది. మంచి ఒప్పందమే. కానీ ఆ కాయితాల మీద ఏది ఎవరు గీశారో పేరు లేదు. బౌహౌస్ గోడకాయితం, అంతే. 1933లో నాజీల ఒత్తిడికి బడి మూతపడింది. గోడకాయితాల పేరు మాత్రం నిలిచింది.

అంటే ఏషియా రుమాల్ కథే. కాకపోతే అక్కడ కనీసం బడికి వాటా వచ్చింది, ఇక్కడ కూలి వచ్చింది.

మన వైపు మళ్ళీ వద్దాం. తెనాలి. చక్రపాణి గారిది తెనాలి. నాగిరెడ్డి గారితో కలిసి 1947 జులైలో చందమామ మొదలుపెట్టారు. బొమ్మలు వేసే కుర్రాళ్ళకి అది జీతమిచ్చే బడి అయింది. శంకర్ గారు మద్రాసు ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర చదువుకుని పత్రికల్లోకి వచ్చినాయన. చిత్ర గారు, ఆచార్య గారు, వడ్డాది పాపయ్య గారు, వీళ్ళ సంతకాలు మీకు గుర్తున్నాయి కదా? బొమ్మ మూల చిన్నగా "శంకర్", "చిత్ర", "వపా". మూడో తరగతి పిల్లాడికి కూడా బొమ్మ చూసి ఎవరు వేశారో తెలిసేది. బొమ్మ కింద సంతకం ఉండనిచ్చారు కాబట్టి.

కానీ చూడండి, అదే చందమామలో 1952 నుంచి 1980లో పోయేదాకా కథలన్నిటికీ తన భాష ఇచ్చిన మనిషి కొడవటిగంటి కుటుంబరావు గారు, ఆయనదీ తెనాలే. సంపాదకుడిగా ఆయన పేరు పత్రిక మీద ఉండేది కాదు. బొమ్మకి సంతకం ఉంది, వాక్యానికి లేదు. ఆయన దాన్ని గురించి గొడవపడ్డట్టు లేదు, రాయాల్సిన సొంత కథలు వేరే ఉన్నాయి ఆయనకి. అయినా నాకు ఎందుకో అది గుచ్చుకుంటుంది.

పిల్లలకి ముందు చోటిచ్చిన పత్రిక అంటే "బాల"ని చెప్పాలి. న్యాయపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు, మన రేడియో అన్నయ్య, అక్కయ్య, 1945లో మొదలుపెట్టారు. ఇంకా బళ్ళో ఉన్న ముళ్ళపూడి రమణ కథలు, బాపు బొమ్మలు అందులో వచ్చాయి. బాపు తర్వాత ఎన్ని వేల పుస్తకాలకి అట్టలు వేశారో లెక్కే లేదు. చివరికి ఆయన చేతిరాతే కంప్యూటర్లో ఫాంట్ అయింది, పెళ్ళి శుభలేఖల మీదకి ఎక్కింది. చిన్నప్పుడు ఒక పత్రిక ఇచ్చిన చోటు, పేరుతో ఇచ్చిన చోటు, అంత దూరం పోయింది.

స్వతంత్రం వచ్చాక సర్కారు కూడా ఈ పనికి దిగింది. 1950లలో పుపుల్ జయకర్ గారి పూనికతో వీవర్స్ సర్వీస్ సెంటర్లు పెట్టారు. ఆర్ట్ స్కూళ్ళలో చదివిన కుర్రాళ్ళని తెచ్చి నేతగాళ్ళ పక్కన కూర్చోబెట్టారు. కె.జి. సుబ్రమణ్యన్ అంతటి చిత్రకారుడు బొంబాయి సెంటర్లో పనిచేశాడు. 1958లో చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అనే అమెరికా దంపతులు దేశం తిరిగి ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. అందులో వాళ్ళు తెగ మెచ్చుకుంది మన చెంబుని. ఏ ఒక్కరూ దాన్ని డిజైన్ చెయ్యలేదు, తరాల తరబడి ఎందరో కలిసి చేశారు అన్నది వాళ్ళ మాట. 1961లో అహ్మదాబాదులో ఎన్.ఐ.డి. వచ్చింది. మిల్లు యజమానులైన సారాభాయ్ కుటుంబం దాని వెనక నిలబడింది. మన ఆంధ్రప్రదేశ్‌కి కూడా 2015లో ఒక ఎన్.ఐ.డి. వచ్చింది.

చెంబుని ఎవరూ డిజైన్ చెయ్యలేదు అనటం వినటానికి బాగుంది. కానీ మా చీరాల నేతగాడి విషయంలో అదే మాట అన్నారనుకోండి, దానర్థం నీకు పేరూ లేదు, హక్కూ లేదు అని. అందరిదీ అన్నది ఎవరిదీ కాకుండా పోతుంది, ముందొచ్చిన వ్యాపారిది అవుతుంది.

ఇప్పుడు పుట్టపాక కథ. అరబ్బు బేరం తగ్గాక చీరాల వైపు తేలియా పని సన్నగిల్లింది. కానీ ఆ విద్య నల్గొండ వైపు చేరింది. పుట్టపాకలో కుటుంబాలు దాన్ని పట్టుకుని, నేర్చుకుని, నిలబెట్టారు. గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చాయి. 2020లో పుట్టపాక తేలియా రుమాల్‌కి భౌగోళిక గుర్తింపు, అదే జి.ఐ. వచ్చింది. మా చీరాల్లో కొంతమంది పెద్దవాళ్ళు "మనది వాళ్ళు ఎత్తుకుపోయారు" అంటారు. నేను ఒప్పుకోను. మనం వదిలేసినదాన్ని వాళ్ళు బతికించారు. కాయితం మీద పేరు రాయించుకున్నారు. అది తప్పెట్లా అవుతుంది? మన తప్పు ఏమిటంటే, చీరాల్లో రుమాలు నేసిన చేతుల్లో కనీసం పది పేర్లు కూడా మనం ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పాను. ఓపిగ్గా వింది పాపం. విని, "అయితే బాబాయ్, చెయ్యనా వద్దా?" అంది మళ్ళీ. చరిత్ర చెప్పేవాళ్ళకి ఉండే జబ్బు ఇదే, అడిగినదానికి తప్ప అన్నిటికీ జవాబు ఉంటుంది.

అప్పుడు చట్టం పుస్తకం తీశాను. నేను వకీలుని కాదు, ఇది కోర్టు సలహా అనుకోకండి, పెద్ద వ్యవహారమైతే తెలిసినవాళ్ళని అడగండి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసినవాళ్ళే దానికి మొదటి హక్కుదారు. కానీ 17వ సెక్షన్లో మినహాయింపులున్నాయి. ఉద్యోగంలో భాగంగా చేస్తే యజమానిది. డబ్బిచ్చి అడిగి ఫొటో తీయించుకున్నా, పెయింటింగ్ వేయించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే ఆ డబ్బిచ్చినవాళ్ళది. మిగతా వాటిల్లో హక్కు ఇచ్చేయాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఎన్నాళ్ళకి అని రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. హక్కు మొత్తం రాసిచ్చేసినా సరే, ఇది నేను గీశాను అని చెప్పుకునే హక్కు మాత్రం 57వ సెక్షన్ కింద మీ దగ్గరే ఉంటుంది. ఇది నా హంస రోజుల్లో నాకు తెలీదు. తెలిసినా, ఆ క్యాలెండర్ ఆయన ముందు నేనే దోషిని.

చీర మీద డిజైన్ సంగతి ఇంకో మెలిక. గుడ్డ మీద వేసే నమూనాని 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేయించుకోవచ్చు. అట్లా నమోదుకి తగిన నమూనాని నమోదు చేయించకుండా, పరిశ్రమ పద్ధతిలో 50 కన్నా ఎక్కువ సార్లు వాడితే దాని మీద కాపీరైటు పోతుంది. యాభై చీరలంటే మాస్టర్ వీవర్‌కి ఎంతసేపు చెప్పండి? ఇంకోటి, నమోదుకి ముందే బయట ప్రచురిస్తే కొత్తది కాదని తిరగ్గొట్టొచ్చు. మన పిల్లలు బొమ్మ పూర్తయ్యీ కాకముందే ఇన్‌స్టాలో పెట్టేస్తారు. పోర్ట్‌ఫోలియో అంటేనే అందరికీ చూపించటం కదా. చూపించటానికీ దాచటానికీ మధ్య ఇక్కడే చిక్కు.

ఇంకో వైపు కూడా అడిగాను ఆ అమ్మాయిని. నువ్వు కొట్టాయనకి డిజైన్ ఇస్తావు, నీ పేరు ఉంటుందో లేదో అని బాధపడుతున్నావు. మరి నువ్వు ఫొటోలు తీసుకోబోయే మగ్గం ఎవరిది? నీ పోర్ట్‌ఫోలియోలో ఆయన పేరు ఉంటుందా? డిజైన్ బళ్ళలో పిల్లలు క్రాఫ్ట్ డాక్యుమెంటేషన్ అని ఊళ్ళమీదికి వస్తుంటారు. పదిరోజులుండి, పెద్దాయన గ్రాఫు కాయితాలన్నీ ఫొటో తీసుకుని పోతారు. తర్వాత వాళ్ళు ఎక్కడో మంచి ఉద్యోగాల్లో ఉంటారు. అందరూ అట్లాంటివాళ్ళే అనటం లేదు. కానీ మా ఎరికలో ఒక పెద్దాయన, పేరు చెప్పను, తన గ్రాఫు పుస్తకాన్ని ఇప్పుడు ఎవరికీ చూపించడు. ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసుకున్నాడు. అడిగితే, "చూస్తే చూశారు, చెప్పి చూస్తే బాగుండు" అంటాడు. అంతకుమించి ఏమీ అనడు.

ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నా దగ్గర తెల్లకాయితం అడిగింది. కొట్టాయనకి ఇచ్చే కాయితం తనే తెలుగులో రాసింది. మూడు నమూనాలు ఇస్తాను, ఒక్కోదానికీ ఇంత, ఏడాది వాడుకోవచ్చు, డబ్బా మీద నా పేరు చిన్నగా ఉండాలి, నేసినవాళ్ళ పేరు నా పేరు పక్కన ఉండాలి. "ఇంత" అన్నచోట ఖాళీ వదిలింది. అంకె ఎంత వెయ్యాలో ఇద్దరికీ తెలీలేదు.

కొట్టాయన ఏమన్నాడో కూడా చెబుతాను. డబ్బు విషయంలో బేరమాడాడు, సగానికి తెచ్చాడు. ఆమె పేరుకి ఒప్పుకున్నాడు. నేసినవాళ్ళ పేరు దగ్గర మాత్రం ఆగిపోయాడట. "పేరు వేస్తే రేపు కొనేవాళ్ళు నేరుగా వాళ్ళ దగ్గరికే పోరా అమ్మా?" అన్నాడట. ఆయన భయంలో కూడా అబద్ధం లేదు, అప్పులు తెచ్చి నూలు కొనేది ఆయనే. వీళ్ళింకా మాట్లాడుకుంటున్నారు. ఈ ఎపిసోడ్ రికార్డు చేసే రోజుకి సంతకాలు కాలేదు.

నేనైతే ఒక పని మొదలుపెట్టాను. చీరాల, పేరాల, ఈపూరుపాలెం వైపు ఎవరింట్లోనైనా తాతలు, ముత్తాతలు రుమాళ్ళు నేసినట్టు తెలిస్తే, ఆ పేరు, ఊరు, తెలిసినంతలో ఏ నాటివారో రాసి నాకు పంపండి. పాత గుడ్డ ముక్క ఉంటే ఫొటో చాలు, గుడ్డ పంపొద్దు, మీ దగ్గరే ఉంచుకోండి. ఇప్పటికి నా నోటుబుక్కులో నాలుగు పేర్లున్నాయి. అందులో ఒకటి ఆడమనిషి పేరు. నూలుకి చిటికి కట్టేదట, మగ్గం ఎక్కలేదట. ఆవిడ మనవరాలు ఫోన్లో, "నేసినవాళ్ళ పేర్లంటున్నారు, మా మామ్మ కట్టిందే గానీ నెయ్యలేదు, రాస్తారా?" అని అడిగింది.

రాశాను.